ఉతికిన మరక

బట్టల సబ్బు వాసన తగిలితే ఇప్పటికీ నా చేతులు ఆగిపోతయి.

నాకప్పుడు ఎనిమిదేండ్లు. బతుకుదెరువుకని అందరం సూరత్ పోయినం. బాపు అక్కడ మరమగ్గాల కార్ఖానల పనిచేస్తుండె. ఒకనాడు పొద్దున మగ్గంల చెయ్యి పడి రెండు వేళ్లు తెగినయి. "నా కార్ఖానల కాదు, ఇంట్ల తెగినయి" అన్నడు సేఠ్. మగ్గం మీద నెత్తురు పడ్డ గుడ్డను పక్క మగ్గం నడిపే మామ చాటుంగ కోసి తెచ్చి అమ్మకిచ్చిండు. "ఇదే సాక్ష్యం, రేపు లేబర్ ఆఫీసుల అందరి ముందట పరుస్త" అని అమ్మ దాన్ని పెట్టెల దాచింది.

మా ఇంట్ల మరకంటే బాపు తప్పే. మరక పడ్డ బట్ట తానును సేఠ్ బాపు మొహం మీదికి విసిరికొట్టేటోడు. అందుకే అమ్మ నీళ్లకు పోంగనే ఆ గుడ్డకు సబ్బు పెట్టి, చేతులు మంటపుట్టేదాక రుద్దిన. ఇగ బాపును ఎవ్వరు తిట్టరని దండెం మీద ఆరేసిన.

అమ్మ వచ్చి చూసింది. కొట్టలే. "మంచిగ ఉతికినవ్ బిడ్డా" అని మెల్లగ అన్నది.

తెల్లారి ఆ గుడ్డనే తీస్కపోయి ఆఫీసర్ బల్ల మీద పరిచింది. నేను ఆమె కొంగు పట్టుకొని నిలబడ్డ. వచ్చీరాని హిందీల "నెత్తురు గిక్కడ్నే ఉండె సాబ్" అనుకుంట వేలు పెట్టి చూపెట్టింది.

అంత తెల్లగ నేను మళ్ల ఏ గుడ్డనూ ఉతకలే.