గోడ మీది శివమ్మ

“...బతికున్న మనిషి బొమ్మకు దండేస్తవా? అక్కల్ ఉందా అంతయ్యా నీకు?”

“బొమ్మ ఓపెనింగ్ చేసినంక దండెయ్యకుంటె ఎట్లన్నా? మర్యాద కాదా?”

“మరి ఊదుబత్తులెందుకు ముట్టిచ్చినవ్?”

“ఈడ వాసనెట్లుంటదో నీకెరుకే గదా.”

శివమ్మ పాలక్యాన్‌తో ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ కిందికి వచ్చేసరికి ఈ మాటలు చెవిన పడ్డాయి. అరుస్తున్నవాడు ఆమె భర్త యాదగిరి. తిట్లు తింటున్నవాడు కాలనీ సంఘం అధ్యక్షుడు అంతయ్య. కొళాయి ప్రారంభమైనా దానికో దండ వేయనిదే ఇంటికి పోని మనిషి. ఆ ఇద్దరి తలల మీదుగా, రెండాళ్ల ఎత్తున, గోడ మీద నవ్వుతున్నది శివమ్మే. మెడలో బంతిపూల దండ వేలాడుతోంది. కింద కొబ్బరిచిప్పలు కూడా ఉన్నాయి.

చలికాలంలో కొత్తపేట రైతుబజార్లో అంబిక అనే బొమ్మలేసే పిల్ల వచ్చి, “మీ నవ్వు బాగుందమ్మా, గోడ మీద వేసుకుంటా” అంది. గోంగూర కట్టల బేరంలో ఉన్న శివమ్మ, క్యాలెండరంత బొమ్మ అయి ఉంటుందనుకుని సరేనంది. గోడకు గోడే తనవుతుందని కలగనలేదు.

ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కలంతా జొన్నచేలు. చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఫ్లాట్లయ్యాయి, బర్రెల కొట్టం ఉన్నచోట నాలుగంతస్తుల సొంత ఇల్లు లేచింది. ఆ ఇంటి వెనక మాత్రం రెండు బర్రెలకు చోటు ఉంచితేనే గృహప్రవేశానికి వస్తానని ఆమె మొండికేసింది. ప్లాట్ల వ్యాపారం చేసే కొడుకు కమలాకర్‌కు, తల్లి ఇంటింటికీ తిరిగి పాలు పోయడం నామోషీ. పాలు పోయకపోతే పొద్దున్నే ఏం చేయాలో ఆమెకు తెలియదు.

ఒకప్పుడు ఒక బర్రె కొమ్ము విసిరితే ముందుపన్ను సగం విరిగింది. అప్పటినుంచి నవ్వు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పెళ్లి ఫొటోలో తల వంచుకుని ఉంది. ఆధార్ కార్డులో దొంగతనంలో దొరికినట్టుంది. తను నవ్వితే ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి చూసింది ఈ గోడ మీదే. విరిగిన పన్నుతో సహా.

దండ పడిందో లేదో, మరణవార్త పాకింది. మీర్‌పేట్ నుంచి ఆడపడుచు శోకాలు పెడుతూ ఆటో దిగింది. పేడచేతులతో శివమ్మే తలుపు తీసేసరికి శోకం ఆపి తిట్టడం మొదలుపెట్టింది.

“బతికుంటే ఫోన్ చెయ్యొద్దా వదినే? ఆటోల తొవ్వంత ఏడ్చుకుంట వచ్చిన!”

మర్నాడు పాలు పోయడానికి తలుపు కొడితే అపార్టుమెంటు ఇంద్రాణి రెండడుగులు వెనక్కి వేసింది. “మీరు... పోయారన్నారండీ. మా వాళ్లంతా మౌనం కూడా పాటించాం. ప్యాకెట్లకి మారిపోయాం.”

“మౌనం మంచిదే. పాలెందుకమ్మా ఆపిన్రు?” అంది శివమ్మ.

యాదగిరి బాధ వేరే. హోటల్లో చాయ్ తాగుతుంటే ఎవరో భుజం నిమిరి, ధైర్యంగా ఉండమని చెప్పి బిల్లు కట్టేశారట. కమలాకర్ అయితే అంబికకు ఫోన్ చేసి గోడకు సున్నం కొట్టమన్నాడు. ఆ పిల్ల తిరిగి శివమ్మకే ఫోన్ చేసింది. “బొమ్మ మీదమ్మా. మీరు వద్దంటే ఆదివారం వచ్చి తుడిచేస్తా.”

శనివారం మధ్యాహ్నం పైవాటాలో అద్దెకుండే నాగేశ్వరి, “ఊళ్లో మిగతా గోడల మీది బొమ్మలకి కూడా దండలు వేస్తున్నారేమో చూసొద్దాం రండి, శివమ్మగారూ” అని ఆటో పిలిచింది. ఇన్నేళ్లుగా తిరిగిన దారులే. శివమ్మ అప్పటిదాకా గోడల వంక చూడనేలేదు. దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక చిరుతపులి నోరు తెరుచుకుని ఉంటే, దాని నోటి కింద ఒకాయన మొక్కజొన్న కంకులు కాలుస్తున్నాడు. మెట్రో స్తంభం మీద నెమలి, నాగోల్ దగ్గర బర్రె.

శివమ్మ ఆటో ఆపించి మరీ దిగింది. “పొదుగు చూడు నాగేశ్వరమ్మా. మేక పొదుగు తెచ్చి బర్రెకు పెట్టిండు. దీని దూడ ఏం తాగి బతకాలె?”

“ఊరుకోండి, అది బొమ్మేగా!”

“బొమ్మకు దూడ ఉండొద్దా?”

ఎక్కడా దండ లేదు. తిరిగి వస్తూ కొత్తపేటలో ఒక గోడ దగ్గర ఆగారు. గోడంతా హాస్టల్ ప్రకటన: ఏసీ గదులు, ఇంటి భోజనం. అడుగున మాత్రం రంగు అందని చోట పాత బొమ్మలోని ఒక ఆడమనిషి పాదం మిగిలింది. కాలికి వెండి కడియం, పక్కన గంప అంచు.

“ఎవలు బిడ్డా ఈమె?” అని పక్కన చాయ్ బండివాణ్ని అడిగింది.

“ఎరుకలేదమ్మా. నేనొచ్చేటప్పటికి కాలొక్కటే ఉంది.”

శివమ్మ వంగి ఆ కడియం మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

ఆదివారం పొద్దున అంబిక తెల్లరంగు డబ్బాతో గోడ దగ్గరికి వచ్చింది. శివమ్మ పాలక్యాన్‌తో వచ్చేసరికి యాదగిరి, కమలాకర్ అక్కడే నిలబడి ఉన్నారు. అంతయ్య నిచ్చెన వేసి, తాను వేసిన దండను తానే చిన్నబుచ్చుకుని దించుతున్నాడు.

“నువ్వొక్కమాట చెప్పమ్మా, అయిపోతది,” అన్నాడు కమలాకర్. “చూసినోళ్లంత సచ్చిపోయిందంటున్రు. మనకేం ఇజ్జత్ ఉంటది?”

“సచ్చిపోయిందని ఎందుకంటున్రు?”

“బొమ్మనే కనబడుతుంది గదా, నువ్వు కనబడవాయె.”

శివమ్మ దండ అందుకుని మడిచి, బర్రెల కోసం సంచిలో వేసుకుంది. కాసేపు గోడ వంక తల ఎత్తి చూసింది. పాలక్యాన్ గోడకు ఆనించి పెట్టింది.

“డబ్బ మూత పెట్టు బిడ్డా. అంతయ్యా, సంఘం ఆఫీసుల కుర్చీ ఉంటది గదా, తెచ్చి ఈడ ఎయ్యి. రేపటి సంది పాలు ఈడనే కూసోని పోస్త.”