లెనోరా రాగి చిప్పలు

ఓరిన్ ట్వీట్ ముప్పైరెండేళ్ళు పైన్ క్రీక్ మిల్లులో రంపాలకు సానపట్టాడు. కోసిన పలక మీద గీతలు చూసి రంపానికి ఏ పన్ను మొద్దుబారిందో చెప్పేవాడు. రిటైరయ్యాక ఆ నేర్పంతా తూటాల పోతకు మళ్ళించాడు. ఆ ఊరి తుపాకీ క్లబ్బులో కొన్న తూటా కాల్చడం నామోషీ. ఎవరికి వారు ఇంట్లో సీసం కరిగించి, అచ్చుల్లో పోసుకోవాల్సిందే.

సెప్టెంబరు చివర్లో, కొండమీద లార్చ్ చెట్లు పసుపెక్కే రోజుల్లో, నూరు గజాల పోటీ జరుగుతుంది. కాగితం మీద ఐదు తూటాలు కాల్చాలి. రంధ్రాలు ఒకదానికొకటి ఎవరివి దగ్గరగా పడితే వాళ్ళు గెలిచినట్టు. కప్పులూ పతకాలూ ఏమీ లేవు. ఏడాది పొడుగునా, కూర్చుని కాల్చే బల్లల్లో ఒకటో నంబరుది వాళ్ళది, అంతే. పదకొండేళ్ళుగా అది ఓరిన్‌ది. అతను రాని రోజున కూడా దానిమీద ఎవరూ కాఫీ కప్పు పెట్టేవారు కాదు.

లెనోరా గుస్టాడ్ అతని స్నేహితుడు వెండెల్ భార్య. వెండెల్ పోయాక ఆమె, అరవయ్యో ఏట, అతని తుపాకీ బయటికి తీసింది. అతను పోసి ఉంచిన తూటాలతో ఒక వేసవంతా సాధన చేసింది. మొదట్లో ఆమె కాల్చిన కాగితాలు చూసి ఓరిన్ పెద్దమనసుతో నవ్వాడు. ఆగస్టుకి ఆ నవ్వు పోయింది. ఒక ఆదివారం ఆమె ఐదు రంధ్రాల మీద ఎవరో పావలా బిళ్ళ పెడితే, ఐదూ దాని కింద దాక్కున్నాయి. ఆ ఏడు ఆమె పోటీకి పేరివ్వలేదు కాబట్టి బల్ల నిలిచింది.

ఆ బిళ్ళ మాత్రం ఓరిన్‌కి కంట్లో నలుసైంది. తుపాకీ గొట్టం వెండెల్‌ది, తూటాలు వెండెల్‌వి, ఆ రోజు గాలి కూడా లేదు అని ఇంటికొచ్చి భార్య ఐనెజ్‌కి చెప్పుకున్నాడు. ఆమె బంగాళాదుంపల చెక్కు తీస్తూ అంతా విని, "ఆవిడ కళ్ళో? అవీ వెండెల్‌వేనా?" అంది.

మరుసటి ఏప్రిల్లో లెనోరా వాళ్ళింటికి వచ్చింది. వెండెల్ తూటాలు అయిపోయాయి. ఇక తనే పోసుకోవాలి. పోత వచ్చింది కానీ, గ్యాస్ చెక్ దగ్గరే సందేహం.

అది తూటా అడుగున తొడిగే రాగి చిప్ప. చొక్కా గుండీకన్నా చిన్నది. తుపాకీ మందు మండినప్పుడు పుట్టే వేడి వాయువు మెత్తటి సీసాన్ని కోసుకుంటూ పక్కలనుంచి ఎగదన్నకుండా అడ్డుపడుతుంది. అది వంకరగా కూర్చుంటే తూటా దారీ వంకరే. ఓరిన్ దాన్ని రెండు విడతల్లో ఎక్కించేవాడు. ముందు చదునైన ఉక్కు పలకకేసి, చిప్పకీ సీసానికీ మధ్య వెలుతురు దూరనంతగా నొక్కేవాడు. ఆ తర్వాతే, తూటాని సరైన మందానికి తెచ్చే కొలత గొట్టంలోంచి తోసేవాడు. గొట్టంలో చిప్ప అంచు సీసాన్ని కరుచుకుంటుంది. ఒకసారి కరుచుకున్నాక వంకర తీయడం ఎవరి తరమూ కాదు.

ముందు నొక్కాలా, ఒక్క తోపులో అయిపోతుందా అని లెనోరా అడిగింది. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే చెప్పిన సంగతి. అప్పుడు మాత్రం ఓరిన్‌కి కాగితం మీది పావలా బిళ్ళ కనబడింది.

"ఒక్క తోపు చాలు. అందరూ చేసేది అదే," అన్నాడు.

ఆమె చేసి తెచ్చిన తీపి వంటకం, రూబార్బ్ 'పై', రెండు ముక్కలు తిన్నాడు కూడా.

జులైలో సామాన్ల కొట్టతను, లెనోరా వెయ్యేసి చిప్పల డబ్బాలు మూడు పట్టుకెళ్ళిందనీ, ఆవిడ వాటిని నంజుకు తింటోందేమోననీ అన్నాడు. ఎన్ని పాడుచేస్తోందో ఓరిన్‌కి అర్థమైంది. లోపల ఎక్కడో చల్లగా తగిలింది. ఆ చల్లదనానికి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడినా అది పోలేదు.

పోటీ రోజున లెనోరాకి ఆరో బల్ల వచ్చింది. కొలిచే మనిషి ఆమె కాగితాన్ని రెండుసార్లు కొలిచి, ఓరిన్‌దాన్ని మూడుసార్లు కొలిచి, తల గోక్కుని, ఆమె పేరు చదివాడు.

ఆమె తిన్నగా ఓరిన్ దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పినట్టే ఒక్క తోపులో చేశాను. నూటికి ముప్పై తిన్నగా వచ్చేవి. గాజు పలక మీద నిలబెట్టి, ఊగినవన్నీ మళ్ళీ సీసం కుండలో పడేసేదాన్ని. నీకెన్నొస్తాయి?"

వ్యంగ్యమేమోనని ఓరిన్ ఆమె ముఖంలోకి చూశాడు. కాదు. నిజంగానే అడుగుతోంది. నలభై అని చెప్పి ఊరుకోవచ్చు. చెబితే వచ్చే ఏడాది కూడా ఆమె నూటికి డెబ్బై కరిగించుకుంటూ కూచుంటుంది.

"తొంభై అయిదు," అన్నాడు. "రెండు తోపులు, లెనోరా. ముందు పలకకేసి నొక్కాలి. ఏప్రిల్లో తెలిసే చెప్పలేదు."

ఆమె తుపాకీ తుడుస్తున్న గుడ్డను నెమ్మదిగా మడిచింది.

"వెండెల్ నోటుబుక్కులో రెండనే ఉంది. పోయినాయన రాతకన్నా బతికున్నవాడి మాట నయమనుకున్నా." ఆ గుడ్డ జేబులో పెట్టుకుని, "మూడువేల చిప్పలు, ఓరిన్," అంది. ఇంకా ఏదో అంటుందని అతను తలవంచుకుని నిలబడ్డాడు. "నీ ఇసుక సంచులు తీసెయ్. నావి పెట్టుకోవాలి," అని మాత్రం అంది.

తుపాకీ ఆనించుకునే ఆ సంచులు రెండూ అతను ఒకటో బల్ల మీంచి మోసుకెళ్ళి ఆరో బల్ల మీద దింపాడు. నిజం చెప్పేస్తే మనసు తేలికపడుతుందని విన్నాడు. కొద్దిగా పడింది కూడా. అలవాటుగా తుపాకీ ఆనించి, దుర్భిణిలోంచి గురి చూశాడు. పదకొండేళ్ళలో ఈ చివర ఎప్పుడూ కూర్చోలేదు. వాగు మీదినుంచి గాలి అడ్డంగా కొడుతోంది, ఆగుతోంది, మళ్ళీ కొడుతోంది. ఇక్కడ కూచునా ఆవిడ కొట్టింది? అనుకున్నాడు. కడుపులో మంట మళ్ళీ మొదలైంది.