పిన్నమ్మ అరచేతులు

మా పక్కింటి పిన్నమ్మ ఎవరు ఎదురైనా ముందు రెండు అరచేతులూ చాచి చూపిస్తుంది. "శుభ్రంగా ఉండాయి కదమ్మా?" అని అడుగుతుంది. సబ్బుతో కడిగీ కడిగీ వాటి తోలు ఊడిపోయింది.

కరోనాకు ముందు మా కప్పగల్లులో ఎవరింట పెళ్లయినా, ఎండు జొన్నరొట్టెలు తట్టడానికి మొదటి పిలుపు ఆమెకే. ఆ చేతుల కింద రొట్టె కాగితమంత పలచగా సాగేది.

తనకూ ఆ జబ్బు సోకి, నయమై ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, మా వీధి చివరింటి పెళ్లికి ఎవరూ పిలవకపోయినా తన పీట తీసుకుని వెళ్లింది. రొట్టెలు తడుతున్న మా పక్కన కూర్చుని తనూ ఒకటి తట్టింది. అది కాలగానే పెళ్లికూతురి తల్లి పట్టకారతో తీసుకెళ్లి, అందరూ చూస్తుండగా గేదె ముందు పడేసింది.

"బేడమ్మా, వద్దు, నువ్వు ఇంటికి పో. జనం తినేది ఇది."

"నయమైందని డాక్టరే చెప్పినాడు కదే!"

"డాక్టరొచ్చి తింటాడా మా పెళ్లిలో?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "మరి ఆ గేదె పాలు పారబోస్తావా?" అన్నాను. పిన్నమ్మ ఆ రోజే తొట్టి దగ్గర చేతులు కడగడం మొదలుపెట్టింది.

మొన్న ఆ తల్లి రెండో కూతురికే పెళ్లి కుదిరింది. రొట్టెలు విరిగిపోతున్నాయని పిన్నమ్మ కోసం వచ్చింది. పిన్నమ్మ చేతులు కడుగుతూనే ఉంది.

"ఈయమ్మకు తల చెడినట్టుండాది," అంది ఆ తల్లి నాతో.

"చెడగొట్టింది ఎవరే? రొట్టెలు కావాలంటే పోయి నీ గేదెనడుగు!" అని అరిచాను.

పిన్నమ్మ మాత్రం లేచొచ్చి, తడిచేతులు ఆమె ముందే చాచింది.

"ఇప్పుడు చూడమ్మా, పోయిందా?"