అన్నకు స్పీకరు, తమ్ముడికి హెడ్డు

2010 వేసవిలో నన్ను మెదక్ పట్టణంలోని ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థకు ఎలక్ట్రానిక్స్ విభాగంలో డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఆ శాఖలో పాఠం చెప్పేది అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరు. పాఠమూ పనీ సక్రమంగా జరుగుతున్నాయో లేదో చూసేది డిప్యూటీ. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలమది. బంద్ లేని రోజుల్లో తరగతులు నడిపేవాళ్లం, బంద్ రోజుల్లో పాత మీటర్లు బాగుచేసుకునేవాళ్లం. పిల్లలకు నేర్పడానికి పనికొస్తుందనిపిస్తే, పై అధికారి అనుమతితో బయటివాళ్ల పరికరాలు కూడా తీసుకునేవాళ్లం.

అలా వచ్చిందే ఈ పని. వానలు మొదలైన రోజుల్లో ఒక ఆటోలోంచి ముగ్గురు మనుషులు, ఒక పెద్ద నల్లటి పెట్టె దిగారు. పెద్దమనిషి పేరు దేవదానం, బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. మిగతా ఇద్దరూ ఆయన మేనల్లుళ్లు. పెద్దవాడు జీవన్‌రాజు టైలరు, ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాడు. చిన్నవాడు సుధాకర్ ఉద్యమ సభల్లో జరిగే ధూంధాం ఆటపాటల బృందంలో గిటారు వాయిస్తాడు. పెట్టె వాళ్ల నాన్నది. విదేశీ కీబోర్డులు సులువుగా దొరకడం మొదలయ్యాక సికింద్రాబాదు హోటళ్లలో బ్యాండ్లు మూతపడ్డాయి. అలా మూతపడిన ఒక బ్యాండు దగ్గర ఆయన ఆ గిటారు యాంప్లిఫయరును కొన్నాడు. కొడుకులిద్దరినీ దాని ముందు కూర్చోబెట్టే వాయించడం నేర్పాడు. ఆయన పోయి అప్పటికి కొన్ని నెలలైంది.

"మేడం, ఇల్లు పంచినం, చెలక పంచినం. గీ డబ్బా ఒక్కటే మిగిలింది. దీన్ని గూడ రెండు జేసియ్యుండ్రి" అన్నాడు దేవదానం.

అది కాంబో రకం. అంటే యాంప్లిఫయరు, స్పీకరు రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. యాంప్లిఫయరును విడదీసి వేరే పెట్టెలో బిగిస్తే దాన్ని హెడ్ అంటారు, స్పీకరు మిగిలిన పెట్టెను క్యాబినెట్ అంటారు. విడదీయడం మంచిదే. స్పీకరు అదురు తగలకపోతే లోపలి గాజు వాల్వులు ఎక్కువకాలం మన్నుతాయి. అయితే స్పీకరు తగిలించకుండా హెడ్ ఆన్ చేస్తే అందులోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. హెడ్ లేని స్పీకరు ఉత్త చెక్కపెట్టె. ఒకదాన్ని విడిచి ఒకటి పనిచేయవని దేవదానానికి వివరంగా చెప్పాను.

"రాష్ట్రమే రెండు గావాలంటున్నం. డబ్బాదేముంది మేడం" అన్నాడాయన.

హెడ్ తమ్ముడికి, క్యాబినెట్ అన్నకు అని ముందే తీర్పు అయిపోయింది. అన్నదమ్ములు నా బల్లకు చెరోవైపు నిలబడ్డారు. "సుధాకర్‌కు జెప్పుండ్రి మేడం, నాబులు నాయన పెట్టినవి, మార్చొద్దని" అన్నాడు జీవన్‌రాజు. సుధాకర్ మూరెడు దూరంలో ఉన్నాడు. "మార్చనని జెప్పుండ్రి" అన్నాడతను. రెండు మాటలూ నేను ఎవరికీ చేరవేయలేదు. అవి అప్పటికే చేరిపోయాయి.

కారణం తర్వాత తెలిసింది. తండ్రి దవాఖానలో పోయిన రోజు సుధాకర్ మనోహరాబాద్ దగ్గర రాస్తారోకోలో కూర్చున్నాడు. ఫోను కలవలేదు. కబురు అందే సరికి బస్సులు లేవు. ఇల్లు చేరేసరికి సమాధి కార్యక్రమం ముగిసింది. తండ్రికి పిడికెడు మన్ను వేయడానికి కూడా రాలేదని అన్న కోపం. ఒక్క పూట ఆగలేకపోయారా అని తమ్ముడి కోపం. నాకు ఇద్దరిదీ న్యాయంగానే కనిపించింది. దాంతో నాకు ఒరిగిందేమీ లేదు, పని పనే.

ఇద్దరి ఎదుటే పెట్టె విప్పాను. యాంప్లిఫయరు ఉండే ఇనుప చట్రాన్ని ఛాసిస్ అంటారు. అది పెట్టె పైకప్పుకు నాలుగు బోల్టులతో వేలాడుతోంది, వాల్వులు తలకిందులుగా ఉన్నాయి. బోల్టులు వదులు చేసి ఛాసిస్ బల్ల మీద పెట్టగానే సుధాకర్ లోపలికి వేలు పెట్టబోయాడు. జీవన్‌రాజు అతని కాలరు పట్టుకుని వెనక్కి గుంజాడు. వెంటనే చెయ్యి వదిలేసి నావైపు తిరిగాడు.

"జర దూరం నిలవడమని జెప్పుండ్రి మేడం."

అతని భయం సరైనదే. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో మనిషిని పడేసేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. దాన్ని రెసిస్టరు గుండా నిదానంగా దింపి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. ఆ రోజు పిల్లలకు అదే పాఠమైంది.

కొత్త పెట్టెను వడ్రంగం శిక్షకుడు ఖాజా గారు చేశారు. ప్లైవుడ్ వాడారు. ట్రాన్స్‌ఫార్మర్లు ఒక పక్కనే బరువుగా ఉంటాయి కాబట్టి మోసే పట్టీని పైన నడుమ కాకుండా ఆ బరువు వైపు జరిపి బిగించారు. గాలి ఆడడానికి వెనక జాలీ పెట్టించాను. గుంయ్‌మనే శబ్దం రాకుండా పైకప్పు లోపల అల్యూమినియం రేకు అతికించాం. పాత పెట్టెలో ఛాసిస్ పోయిన సందును చెక్కతో మూసి దాన్నే క్యాబినెట్ చేశాం. స్పీకరు తీగ కోసి జాక్ పెట్టాను. రెంటినీ కలపడానికి లావుపాటి రెండు పోగుల తీగ తయారుచేశాను. చూడ్డానికి ఒకేలా ఉన్నా గిటారును యాంప్లిఫయరుకు కలిపే తీగను అక్కడ వాడకూడదు, వేడెక్కి కాలుతుంది. హెడ్ వెనక తెల్ల రంగుతో "స్పీకరు లేకుండా ఆన్ చేయరాదు" అని రాయించాను.

పని ముగిసే సమయానికి సుధాకర్ ఒక్కడే వచ్చాడు. రామాయంపేటలో పెద్ద ధూంధాం ఉందట, లారీ మీద వేదిక. అతనికి వచ్చిన వాటాలో స్పీకరు లేదు. మైకుసెట్టు హారన్ అడుక్కొచ్చి తగిలిస్తానన్నాడు. హారన్ విద్యుత్ కొలతా హెడ్ కొలతా కలవవు, కలవనిది తగిలిస్తే మీ నాన్న ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, అలాంటిది మళ్లీ దొరకదు అని చెప్పాను.

"మరి ఎట్ల జేయాలె మేడం?"

"దీనికి సరిపోయే స్పీకరు ఈ ఊళ్లో ఒకటే ఉంది" అన్నాను.

"ఆయన్ను నేనడగ. మన్ను వెయ్యనీయలె నన్ను" అన్నాడు. నేను మీటరు సర్దుకునే పనిలో ఉండిపోయాను.

పని అప్పగించే ముందు లోడ్ టెస్ట్ ఉంటుంది. అంటే పరికరాన్ని పూర్తి సామర్థ్యంతో నడిపి, వేడి ఎంత ఎక్కుతోందో, వోల్టేజీ నిలకడగా ఉందో లేదో చూడడం. యజమానులిద్దరూ హాజరు కావాలని దేవదానానికి కబురు చేశాను. ఆ పరీక్షను స్పీకరు బదులు ఒక పెద్ద రెసిస్టరు పెట్టి నేనొక్కదాన్నే చేయవచ్చు. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు.

ఇద్దరూ వచ్చారు, వెంట గిటారుతో దేవదానం కూడా. క్యాబినెట్ మీద హెడ్ పెట్టి తీగ కలిపాను. నా రెండు చేతులూ మీటరు మీద ఉండాలి. అందుకని జీవన్‌రాజు చేతికి గిటారు ఇచ్చి, నాబుల దగ్గర సుధాకర్‌ను నిలబెట్టాను. వాల్వులు ఎర్రబడ్డాక జీవన్‌రాజు ఒక కీర్తన వరుస మొదలుపెట్టాడు. విప్పి బిగించడంలో నాబులు కదిలిపోయినట్టున్నాయి, శబ్దం బాగా కీచుగా వచ్చింది. అతను నావైపు చూశాడు. నేను మీటరు చూస్తున్నాను. ఇంకో చుట్టు వాయించాడు. పిల్లలు చెవులు మూసుకున్నారు.

"ట్రెబుల్ తగ్గియ్యిరా" అన్నాడు చివరికి.

"తగ్గించిన."

"ఇంక జర."

"గిప్పుడు?"

"ఆఁ, గట్ల. నాయన గట్లనే పెడుతుండె."

సుధాకర్ నాబు మీదినుంచి చెయ్యి తీయలేదు. ఏడుస్తున్నాడని పిల్లలు చూశారు, జీవన్‌రాజూ చూశాడు. కీర్తన ఆపకుండా చివరిదాకా వాయించాడు. అప్పుడు గిటారు గోడకు ఆనించి, "నీ కోసం ఆగుదమనే అన్న. మామనే వద్దన్నడు, వానొస్తుందని" అన్నాడు. దేవదానం కిటికీలోంచి బయటికి చూస్తూ, "వానొచ్చింది గదా" అన్నాడు. వోల్టేజీ నిలకడగా ఉంది. పరీక్ష సంతృప్తికరం అని ప్రకటించాను.

ప్రభుత్వోద్యోగిని కాబట్టి నేను సభలకు వెళ్లకూడదు. రామాయంపేటలో బస్సు మారడానికి దిగవచ్చు. ఆ రోజు అలా దిగాను. బస్టాండు ఎదురుగా లారీ మీద సుధాకర్ వాయిస్తున్నాడు. జీవన్‌రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని క్యాబినెట్ పక్కనే కూర్చుని, అది కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఉద్యమ పాట ఒక్కదానికీ పెదవి కదపలేదు. పాటకూ పాటకూ నడుమ తీగ వేడెక్కిందేమోనని తాకి చూసేవాడు. నా బస్సు వచ్చింది, ఎక్కలేదు. తర్వాతి బస్సులో వెళ్లాను.

ఇళ్లు మళ్లీ కలవలేదు. సభలున్నప్పుడు స్పీకరు తమ్ముడి దగ్గరికి, ఆదివారం హెడ్ అన్న దగ్గరికి వెళ్లేవి. రాష్ట్రం వచ్చాక, నా రిటైర్మెంటుకు కొంచెం ముందు, ఇద్దరూ ఒక వాల్వు మార్పించుకోవడానికి వచ్చారు.

"సభలు అయిపోయినయి గద మేడం, మల్ల ఒక్కటే డబ్బా జేయొస్తదా?" అని సుధాకర్ అడిగాడు.

చేయవచ్చన్నాను.

"వద్దు మేడం" అన్నాడు జీవన్‌రాజు. "గిట్లుంటేనే అల్కగుంటది. వాడొకటి మోస్తడు, నేనొకటి మోస్త."

ఇద్దరి సొంతమైన పరికరాన్ని ఇద్దరి ఎదుటే పరీక్షించాలని ఆ పనితో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఉద్యోగం ముగిసేదాకా అదే పద్ధతి పాటించాను. దానివల్ల మీటరు కొలతల్లో ఏ తేడా రాలేదు. ఒక్కొక్క పనికి పట్టే సమయం మాత్రం పెరిగింది. పై అధికారులు అడిగినప్పుడు, లోడ్ టెస్ట్ తొందరపడి చేసేది కాదని జవాబిచ్చేదాన్ని.