మంచులో కొబ్బరినూనె

మూడేళ్ల క్రితం, బాపట్లలో డిగ్రీ చదువుతుండగా మా కాలేజీ అమ్మాయిలం నలుగురం స్కీయింగ్ పోటీలకు కాశ్మీరు వెళ్లాం. అప్పటిదాకా మేం మంచును చూసింది ఫ్రిజ్‌లోనే. సాధనంతా సూర్యలంక బీచ్ ఇసుకలో. కాళ్లకు కట్టుకునే స్కీ పలకల అడుగున కొబ్బరినూనె రాస్తే జర్రున జారేవి.

కప్పు తెస్తానని రేపల్లెలో అమ్మకు మాటిచ్చాను. అందుకే పోటీ రోజు సీసా మొత్తం పట్టించాం. విజిల్ మోగింది. అందరూ దూసుకుపోయారు. మేం మాత్రం మేకులు కొట్టినట్టు అక్కడే! చలికి నూనె గడ్డకట్టి, మంచు ముద్దలుగా అంటుకుంది.

"ఏం రాశారమ్మా?" అని అరిచారు మా సార్.

"కొబ్బరినూనె అండి!"

"చలికాలంలో సీసా ఎండలో పెట్టుకునేది మీరే కదమ్మా, ఆ మాత్రం తెలీదా?"

సిగ్గుతో చచ్చిపోయాం. స్కీలు ఈడ్చుకుంటూ దారిలో ఎక్కాల్సిన గుట్ట దాకా చేరాం. అక్కడ ముందువాళ్లు వెనక్కి జారుతున్నారు. మేం మాత్రం అడుగున అంటుకున్న మంచు పట్టుతో మెట్లెక్కినట్టు టకటకా ఎక్కి ముగ్గుర్ని దాటేశాం! పైన గంతులేశాం. తర్వాత దిగడానికీ నడవాల్సి వచ్చింది. చిట్టచివర చేరింది మేమే.

ఇప్పటికీ డిసెంబరులో గడ్డకట్టిన సీసాను ఎండలో పెట్టగానే నవ్వు మొదలవుతుంది. నూనె కరిగేదాకా ఆగదు.

– సుహాసిని, తెనాలి