వాయిదా కమాండ్ ఆగని రోజు

ప్రభుత్వ ఆఫీసు నుంచి రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కంప్యూటర్ గదిలో కొన్నేళ్లు పనిచేశాను. నల్ల తెరమీద కమాండ్ టైపు చేస్తే నడిచే చిన్న ప్రోగ్రాం ఒకటి వాళ్లకు రాసిపెట్టాను. పేర్లు చేర్చడానికి ఒక కమాండ్, హాల్‌టికెట్లు అచ్చువేయడానికి ఒకటి, ఇలా ఎనిమిది. కావలసిన ఫైలు దొరకకపోతే ఏం చేయాలో చెప్పే వరుసలు ఎనిమిదింటిలోనూ విడివిడిగా పెట్టాను. అది ఆఫీసు అలవాటు. మా సెక్షన్లో ప్రతి ఫైలుకూ అన్ని కాగితాల నకళ్లూ జతచేసేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం జోరందుకుని బంద్‌లు మొదలయ్యాక పరీక్షలు వాయిదా పడసాగాయి. తేదీ మార్చి కొత్త హాల్‌టికెట్లు వేయడానికి తొమ్మిదో కమాండ్ రాసి, ఆ వరుసలే నకలు తీసి అతికించాను.

కొన్నాళ్లకు వాటిలో లోపం కనిపించింది. ఫైలు లేదని తెరమీద చెబుతున్నాయి గానీ పని ఆపడం లేదు. డైరీలోని కమాండ్ల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటే సరిచేసి టిక్ పెట్టాను. "అన్నిటిలోనూ సరిచేశాను" అని కింద రాసుకున్నాను.

తర్వాతి బంద్‌కు పరీక్ష ఆదివారానికి మారింది. నాతో పనిచేసే అమ్మాయిది నల్లగొండ వైపు పల్లె, మీర్‌పేట్‌లో కిరాయికి ఉండేది. ఆమె వాయిదా కమాండ్ నడిపింది. కొత్త తేదీల ఫైలు ఇంకో ఫోల్డర్‌లో ఉండిపోయింది. ఫైలు లేదన్న ముక్క తెరమీద పేర్ల వరుసల మధ్య పైకి జారిపోయింది. ప్రోగ్రాం ఆగకుండా పాత తేదీతోనే కొత్త హాల్‌టికెట్లు అచ్చువేసింది. బంద్ రోజు బస్సుల్లేక అల్మాస్‌గూడ నుంచి కూడా పిల్లలు నడిచొచ్చి, మూసిన షట్టర్ చూసి వెనక్కి వెళ్లారు.

మర్నాడు యజమాని మా గదిలోకి వచ్చారు. ఆయనది కోస్తా.

"ఏమ్మా, ఒక్క టికెట్టైనా చదివి చూడవా? పొద్దుట్నుంచీ ఫోన్లలో తిట్లు తింటున్నా. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"చూడకపోవుడు నా తప్పే సార్. గని ఫైలు లేకుంటే అది ఆగాలె గదా? ప్రోగ్రాం రాసింది ఈ సారు. మరి సారునెందుకు అంటలేరు? బంద్ జేసింది మావోళ్లని నా మీద వడ్డరా?"

"ఆయన పొరపాటు చేస్తే డైరీలో పేజీ తీసి ఆయనే చూపిస్తారమ్మా."

నేను నిజంగానే డైరీ తీశాను, నా తప్పు లేదని చూపించడానికి. "అన్నిటిలోనూ" అన్న మాట మీద వేలుపెట్టి టిక్కులు లెక్కపెట్టాను. ఎనిమిదే. ఆ జాబితా బంద్‌లకు ముందుది. వాయిదా కమాండ్ అందులో లేనే లేదు.

"ఆగకపోవడం నా తప్పండీ," అన్నాను. "పంపాలంటే నన్ను పంపండి."

"ఇద్దరూ పోతే ఆదివారం పరీక్ష నేనొక్కణ్నే పెట్టుకోవాలా?" అని ఆయన విసురుగా వెళ్లిపోయారు.

ఆమె కుర్చీ నా పక్కకు జరుపుకుంది. "తొమ్మిది చోట్ల ఎందుకు సార్? ఏ కమాండ్‌కు పరేషాన్ వచ్చినా అన్నిట్ని నడిపే పై ప్రోగ్రాంకు చెప్పి ఊకోవాలె. మెసేజ్ ఇచ్చుడు, ఆపుడు పైన ఒక్క దగ్గర్నే ఉండాలె."

అలాగే చేశాం. నా నకళ్లన్నీ చెరిపేశాం. ఫైళ్లు కావాలనే దాచి ఒక్కో కమాండ్ నడిపాం. తొమ్మిదీ ఆగాయి.

"ఇగ తప్పు జేస్తే అన్నిట్ల ఒక్కపారే జేస్తం సార్," అని నవ్వి, అంతలోనే గొంతు తగ్గించింది. "రేపు నేను రావాల్నా, వద్దా?"

యజమాని గదికి వెళ్లి అడిగాను. రమ్మనండి అన్నారు.

"ఆ మాట మీరే వచ్చి ఆమెతో చెప్పండి," అన్నాను.

ఆయన లేచి మా గుమ్మం దాకా వచ్చారు. "రేపు కాస్త పెందలాడే రామ్మా. టికెట్లన్నీ మళ్లీ వేయాలి."

"ఒస్త సార్," అంది ఆమె.