నురుగు చెప్పని సంగతి

ఈ ఉదయం మహబూబ్‌నగర్‌లో కొత్తగా కిరాయికి దిగిన ఇంట్లో బట్టలు ఉతుకుతుంటే, సబ్బు ఇట్టే నురుగెత్తి మోచేతుల దాకా పాకింది. ఆ తడి సబ్బు వాసనకు నా చేతులు ఆగిపోయాయి. "చూసినవా టీచరమ్మా, మా బావి నీళ్లు! మీ నల్గొండల దొరుకుతయా గిసుంటియి?" అంది ఇంటావిడ. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. టీచరమ్మా అని ఎవరైనా పిలిస్తే శకుంతల టీచర్ వచ్చారేమోనని ఇంకా వెనక్కి తిరిగి చూస్తున్నాను.

నల్గొండలో మా ఆడపిల్లల బడిలో ఆమె భూగోళం చెప్పేవారు. మనిషి పొట్టి, నడక వేగం, చీర కింద కాన్వాసు బూట్లు. బజారులో ఎవరైనా నవ్వితే, "నాకు ముల్లు గుచ్చుకుంటే వాళ్లొచ్చి తీస్తరా?" అనేవారు. పటంలో నదులు చూపించి ఊరుకోక, మమ్మల్ని బస్సెక్కించి పల్లెల్లో బావుల దగ్గరికి తీసుకుపోయేవారు. మా బాపు మొదట నన్ను పంపనన్నాడు. ఆమె మా ఇంటికి వచ్చి, "మీ బిడ్డ నోరు తెరవదు గానీ రాస్తది. చూడనిది ఏం రాస్తది చెప్పుండ్రి?" అన్నారు. భూగోళం పుస్తకం చాటున నేను డైరీ రాసుకోవడం ఆమె ఎప్పుడు చూశారో నాకు తెలియదు. బాపు ఒప్పుకున్నాడు.

నీళ్లు పరీక్షించే సీసా పట్టే పని నాకే ఇచ్చారు. "మాటలోళ్ల చేతిల సీసా నిలువది, నువ్వు పట్టు," అన్నారు. ఏ బావి నీళ్లు పడుతున్నామో ఆ నీళ్లతోనే ముందు సీసాను కడగాలి. "లేకుంటే మొన్నటి ఊరు ఈ ఊరి మీద చాడీలు చెప్తది!" అని నవ్వించేవారు. తర్వాత సబ్బు ద్రావణం చుక్కలు వేసి ఊపాలి. నురుగు నిలిస్తే మెత్తని నీళ్లు, విరిగిపోతే గట్టి నీళ్లు. మా జిల్లా రాళ్లలో ఉండే ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పాడు చేస్తుందనీ, నీళ్లను పట్నంలో ప్రయోగశాలకు పంపితేనే అది తేలుతుందనీ కూడా ఆమే చెప్పారు.

నకిరేకల్ దారిలోని ఒక పల్లెకు వెళ్లాం. ఆ ఊరి పటేలు బండ పగలగొట్టించి లోతైన కొత్త బావి తవ్వించాడు. పాత బావిని పూడ్చడానికి మొరం మట్టి బండ్లు సిద్ధంగా ఉన్నాయి. "టీచరమ్మా, మా కొత్త నీళ్లు మంచియని పిల్లలతోటి ఒక్క మాట చెప్పించుండ్రి. అటెన్క పాతదాన్ని పూడ్పిస్త," అన్నాడు. పాత బావి నీళ్లలో సబ్బు పాలు విరిగినట్టు విరిగింది. కొత్త బావి నీళ్లలో నురుగు సీసా మెడ దాకా పొంగింది. "వెన్న లెక్కున్నది!" అని జనం ఒకటే సంబరం.

అప్పుడు పటేలు కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం చూశాను. నేనూ అలాగే నవ్వుతాను. దగ్గరికి వెళ్లి, "మీకూ సిగ్గేనా అక్కా?" అన్నాను. ఆమె కొంగు కొంచెం దించింది. పళ్ల నిండా గోధుమరంగు చారలు. "సిగ్గు గాదు చెల్లే. మా తల్లిగారూర్ల అందరికీ గిట్లనే. నీళ్లయితే గిట్లనే అద్దం లెక్కుంటయి, సబ్బు గిట్లనే పొంగుతది."

నేను పోయి టీచర్ చెవిలో చెప్పాను. ఆమె కళ్లు మెరిశాయి. "నాకు చెప్పినవు, ఇగ వాళ్లకు చెప్పు."

"నాకు రాదు టీచర్."

"చూసింది చూసిన అను. చూడంది చూడలే అను. ఇంకేం రావాలె?"

సీసానే చూస్తూ చెప్పాను. "నురుగు మంచిగొచ్చింది. కానీ ఫ్లోరైడ్ సంగతి సబ్బు చెప్పది. అది మేం ఇంకా చూడలే. పట్నంల పరీక్ష అయ్యేదాక పాత బావి పూడ్పకుండ్రి." అక్క పళ్ల మాట మాత్రం ఎత్తలేదు. అది ఆమె సంగతి.

"గింత పోరి నాకు చెప్పుడా?" అన్నాడు పటేలు, టీచర్ వైపు తిరిగి.

"పరీక్ష చేసింది ఆ పోరే పటేలా. ఆమె మాటే నా మాట."

అంతలో ఆ కోడలు కొంగు పూర్తిగా దించేసి, "మామా, మా ఊరి బావి గూడ గిట్లనే పొంగుతది. నా పళ్లు చూడు," అంది. అంతమందిలో ఆమె మామగారితో మాట్లాడటం అదే మొదటిసారని ఆ జనం ముఖాలే చెప్పాయి. పటేలు ఆమె పళ్లు చూసి, బండ్లను వెనక్కి మళ్లించమన్నాడు.

రెండు బావుల నీళ్లూ పట్నం పంపాం, కొన్నాళ్లకు జవాబు వచ్చింది. కొత్త బావి నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరి ఉంది, అవి చేనుకే పనికొస్తాయి. పాత బావి నీళ్లతో పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది గానీ తాగడానికి భయం లేదు. ఇప్పటికీ ఆ ఊరు ఆ నీళ్లే తాగుతోంది. ఆ రోజు పల్లె నుంచి తిరిగొస్తూ టీచర్ నన్ను పొగుడుతారని ఎదురుచూశాను. "సీసా కడిగి పెట్టు బిడ్డా, రేపు తిరుమలగిరి పోవాలె," అన్నారు, అంతే. తరువాత పొగడ్తలు ఎన్ని విన్నా, ఆ మాటంత గర్వం నాకు ఏదీ ఇవ్వలేదు.

ఇంటావిడ ఇంకా నా జవాబు కోసం చూస్తోంది. "నురుగు మంచిగనే ఉందమ్మా," అన్నాను, ఆమె కళ్లలోకి చూస్తూనే. "ఇంకొకటి చూడాలె. అది ఇంకా చూడలే." లోపలికి వెళ్లి, ట్రంకు పెట్టెలో చీరల మధ్య నుంచి సీసా తీసుకొచ్చాను. ముందు ఆ బావి నీళ్లతోనే దాన్ని కడిగాను.